ఎటు తిప్పమంటవక్కా

నల్లగొండ ప్రకాశం బజార్ల సందు దుకాణం.
గోడ నిండ కండ్లు.
గుండ్రటివి, గొట్టం తీరువి,
మెడ తిప్పేటివి కొన్ని, నేను జరిగితె అవీ జరుగుతున్నయి.
టూ మెగాపిక్సెలా, ఫైవా అక్కా? అంటడు ఖదీర్.
చీకట్ల నలుపు తెలుపు చాలునా, రంగులు గావాల్నా?
వానకాగేటివి వేరు, ఎండకాగేటివి వేరు.

మన ఎండకు ఏదాగుతది తమ్ముడూ,
దేవరకొండ డిపోల డ్రైవరు సీటే కరుగుతది.
నేనడిగేది ఒక్కటే,
కేబుల్ కోసేటోని మొఖం కనబడుతదా?

పోయిన అమాస రాత్రి
మా బోరు మోటరు వైరు కోసుకపోయిండ్రు.
లోపట రాగి ఎంతుంటది, కిలో, కిలోంబావు.
ఠాణాల రైటరు తలెత్తకుంటనే అడిగిండు:
ఫుటేజ్ ఉన్నదా?
ఏం పోయిందన్నది తర్వాత అడిగిండు.

ఇరవై రెండేండ్ల సంది
బస్సుల నేనే కెమెరాను.
ఎవని చెయ్యి ఎవని జేబు దిక్కు పోతుందో,
ఏ పిల్ల కిటికీకి మొఖం బెట్టి ఏడుస్తుందో,
ఎవలు తమ స్టేజి వచ్చినా దిగుతలేరో
అంత రికార్డయితనే ఉంటది నాల.
చెరిపే మీటనే లేదు.

ఈ డబ్బా నెల రోజులు యాదుంచుకుంటదక్కా,
నెల దాటితె పాతది తుడుచుకొని
దాని మీదనే కొత్తది రాసుకుంటది.
అదృష్టం దానిది, అనుకున్న.
రెండు గొట్టాలు, ఒక డబ్బా.
బేరమాడితె మూడు వందలు తగ్గించిండు.

ఆదివారం వచ్చి నిచ్చెనేసిండు.
బూడిద గుమ్మడికాయ పక్కన మొల కొట్టబోతె
అత్తమ్మ ఒద్దన్నది,
రెండు కాపలాలు ఒక్క కాడుంటె తగువు పడ్తయట.
జరంత జరిపినం.
ఫోన్ల బొమ్మొచ్చింది:
మా గేటు, మోరి, గల్లీ,
గల్లీ అవుతల ఈదమ్మ వాకిలి,
వాకిట్ల తడక, తడక మీద ఆరేసిన లంగా.

ఈదమ్మ రానే వచ్చింది, మోకాళ్ళు పట్టుకొని.
మీదికి జూసి,
గది మా తడక లోపటికి జూస్తదా బిడ్డా?
నేను తానం జేసేది ఆన్నే.

ఖదీర్ ఫోను మీద ఏలుతోని
నల్లటి పలకొకటి గీసిండు.
ఇగ జూడవ్వా, నీ ఇల్లు లేదు.
తన ఇల్లున్న కాడ చీకటిని
ఈదమ్మ శానసేపు జూసింది.
లేకుంట జేస్తివా, అని నవ్వింది.
నవ్వి, మా మెట్టు మీద కూలబడి,
కీళ్ళ నొప్పులకు నాకు నిద్రేడిది, అన్నది.
ఆ రాత్రి జూసిన. మొఖం గాదు.
చెప్పు. ఎడమ కాలిది.
వారు తెగితె పిన్నీసు పెట్టుకున్నడు.
స్తంభం లైటుకు తళుక్కుమన్నది.

మరి చెప్పకపోతివేందవ్వా?

ఎవలడిగిండ్రు?

నిచ్చెన మీదికెల్లి ఖదీర్:
ఎటు తిప్పమంటవక్కా?
నా నోరు లేవలే.

తెల్లారి ఫస్టు బస్సు.
ఆడోళ్ళకు జీరో టికెట్లు కొట్టుకుంట పోతున్న.
కొండమల్లేపల్లి దాటినంక ఆఖరి సీట్ల
ఒళ్ళ సంచి పెట్టుకున్న మనిషి.
చిల్లర ఇయ్యబోతె రూపాయి కింద బడ్డది,
ఒంగిన.
ఎడమ చెప్పు.
పిన్నీసు తుప్పు పట్టింది.
ఇంకో దిక్కు వారు గూడ తెగబోతుంది.

అప్పుడే ఫోను టింగుమన్నది,
మీ ఇంటి ముందల కదలిక అని.
తీసి జూస్తె సాలీడు.
అద్దం మీదనే గూడల్లుకుంటుంది,
మా గేటంత పెద్దగ.

ఈ బస్సుల ఎందరి చెప్పులకు లేదు పిన్నీసు,
అని నాకు నేనే జెప్పుకున్న.
ఏడికన్నా? అంటె
నల్లగొండ, అన్నడు, కిటికీ దిక్కు జూసుకుంట.
టికెట్ కొట్టిన.
రూపాయి వాని చేతుల బెట్టిన.
బస్సు గుంతల బడి లేసిన ప్రతిసారి
ఆ పిన్నీసు మెరుస్తనే ఉన్నది,
నల్ల పలక గీసెటందుకు
నా ఏలు లేస్తలేదు.